దిగులు వేళ ఫోను ఏ మేరకు పనికొస్తుంది

మానసిక ఆరోగ్యం పేరుతో యువతరం ముందుకు వస్తున్న డిజిటల్ సాధనాలన్నిటినీ యాప్‌లు అన్న ఒక్క మాటతో సరిపెట్టడం వాడుకే అయినా, అవి చేసే పనుల్లో ఒకదానికీ మరొకదానికీ చాలా తేడా ఉంది. ఉచితంగా ఫోను చేసి, శిక్షణ పొందిన సలహాదారుతో మాట్లాడగలిగే హెల్ప్‌లైన్లు ఒక రకం. ఆలోచనలనూ అలవాట్లనూ కొద్దికొద్దిగా మార్చుకునే అభ్యాసాలను పాఠాలుగానో ఆటలుగానో నేర్పేవి రెండో రకం. కొన్ని ప్రశ్నలకు జవాబులు తీసుకుని బాధ ఏ స్థాయిలో ఉందో అంచనా కట్టేవాటిని స్క్రీనింగ్ సాధనాలంటారు. మనిషిలాగా ఎదురు జవాబిచ్చే చాట్‌బాట్‌లు వీటన్నిటికీ వేరు. అంతగా పేరు వినిపించకపోయినా తెలుగు నేల మీద ఓపికగా పరీక్షించి చూసిన సాధనం ఇంకొకటుంది. అది బాధపడుతున్న మనిషి చేతిలో కాక, ఆ ఊరి ఆశా కార్యకర్త చేతిలో ఉండే ట్యాబ్.

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న వైరాను దృష్టిలో పెట్టుకుంటే ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. రిజర్వాయరు కింద వరి, మిగతా చేలల్లో పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతం నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా ముందుకు పోతే తండాలు, ఆ తరువాత కొత్తగూడెం, భద్రాచలం అడవుల్లోని కోయగూడేలు మొదలవుతాయి. ఇక్కడి పిల్లల్లో చాలామంది పదో తరగతి దాటగానే ఖమ్మంలోనో ఇంకా దూరంగానో హాస్టళ్లకు చేరతారు, లేదా గురుకులాల్లో ఉంటారు; ఇంట్లో ఉన్నవారికి కూడా సొంత ఫోను ఉంటుందన్న హామీ లేదు, అన్నదమ్ములూ అమ్మానాన్నలూ ఒకే ఫోనును పంచుకోవడం మామూలే. మానసిక వైద్యుణ్ని కలవాలంటే ఖమ్మం వెళ్లాలి. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015, 2016 సంవత్సరాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పదమూడు నుంచి పదిహేడేళ్ల వయసువారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు అంచనా వేసింది. నలభై మంది ఉండే తరగతిలో దాదాపు ముగ్గురన్నమాట.

అందువల్ల ఇలాంటి చోట ఏ సాధనాన్ని ఎంచుకున్నా అడగవలసిన ప్రశ్న ఒకటే: అది ఆ అబ్బాయిని, ఆ అమ్మాయిని సాయం చేయగల మనిషికి దగ్గర చేస్తుందా, లేక మనిషి అవసరమే లేదన్న భ్రమలో ఉంచుతుందా? రంగులు, బొమ్మలు, డౌన్‌లోడ్ల సంఖ్య ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు.

ఆశా కార్యకర్త చేతిలోని ట్యాబ్

భద్రాచలం అడవులకు దక్షిణాన, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన ప్రాంతంలో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే పరిశోధన సంస్థ తరఫున పల్లబ్ మౌలిక్ నాయకత్వంలోని బృందం 30 గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రయోగం చేసింది. పద్ధతి చాలా సాదా. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి, ట్యాబ్‌లో ఉన్న తెలుగు ప్రశ్నలను అడిగి జవాబులు నమోదు చేస్తుంది; బాధ ఒక హద్దు దాటి ఉన్నట్టు తేలితే ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడి ట్యాబ్‌కు చేరతాయి; మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ లేని ఆ వైద్యుడికి తరువాత ఏం అడగాలో, ఏ చికిత్స మొదలుపెట్టాలో, ఎప్పుడు పై ఆసుపత్రికి పంపాలో ఆ పరికరమే అంచెలంచెలుగా సూచిస్తుంది. మరోవైపు, ఆసుపత్రికి వెళ్లమని గుర్తుచేసే రికార్డు చేసిన ఫోను సందేశాలు రోగికి అందుతాయి. మానసిక జబ్బంటే ఉన్న చిన్నచూపు పోగొట్టేందుకు ఊళ్లలో ప్రచారం కూడా జరిగింది.

2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 5,007 మందిని పరీక్షించగా 238 మందిలో దిగులు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతల లక్షణాలు కనిపించాయి. ఆ 238 మందిలో అంతకుముందు ఎప్పుడైనా ఇందుకోసం వైద్యసాయం తీసుకున్నవారు ఇద్దరే, అంటే 0.8 శాతం, ప్రయోగం జరిగిన కాలంలో వైద్యుడి దగ్గరకు వెళ్లినవారు 30 మంది, అంటే 12.6 శాతం. ఇద్దరు ముప్పై మంది కావడం చిన్న విషయం కాదు. అయితే లెక్కను అవతలి వైపు నుంచి చూస్తే, తమకు సాయం అవసరమని తేలిన తరువాత కూడా, ఇంటికి వచ్చి చెప్పిన తరువాత కూడా, 208 మంది గడప దాటలేదు. కూలి పోతుందని కొందరు, నలుగురూ ఏమనుకుంటారోనని కొందరు, ఇదేమీ జబ్బు కాదులే అని ఇంకొందరు ఆగిపోయి ఉంటారని ఊహించడం కష్టమేమీ కాదు. బాధను కనిపెట్టడంలో యంత్రం చురుకైనదే కానీ, కనిపెట్టిన చోటు నుంచి చికిత్స దాకా ఉన్న దూరాన్ని నడిపించేది పక్కనున్న మనిషే. డిజిటల్ సాధనాల గురించి ఉత్సాహంగా రాసేటప్పుడు ఆ ముప్పై మందిని చెప్పి ఈ 208 మందిని వదిలేయడం తేలిక.

ఆ ప్రయోగం పెద్దవారి కోసం ఉద్దేశించింది. అదే సంస్థ తరువాత ఆర్టెమిస్ పేరుతో విజయవాడ, ఢిల్లీ నగరాల్లోని 60 మురికివాడల్లో పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసువారి కోసం ఇలాంటి పద్ధతినే అధ్యయనానికి పెట్టింది. అక్కడ కూడా ట్యాబ్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు, ఆరోగ్య కార్యకర్తనూ చిన్నచూపు పోగొట్టే ప్రచారాన్నీ దానికి జోడించారు.

వైరాలోని ఒక ఇంటర్మీడియట్ విద్యార్థికి దీని నుంచి అందే పాఠం ఏమిటంటే, ఏ యాప్‌నైనా దింపుకునే ముందు ఆశా కార్యకర్త పాత్రను తన జీవితంలో ఎవరు పోషించగలరో ఒకరిని ఎంచుకోవడం. అమ్మానాన్నలే కానక్కర లేదు. మేనత్త కావచ్చు, మంచిగా మాట్లాడే లెక్చరరు కావచ్చు, తండాలో డిగ్రీ చదువుతున్న అక్క కావచ్చు. ఆ మనిషితో ముందుగానే, బాధ లేని రోజునే, ఒక ఒప్పందానికి రావాలి: "అక్కా, ఎప్పుడన్నా నేను నీకు ఉత్తగ ఒక చుక్క మెసేజ్ పెడితే, ఏమైందని అడగకుండ ముందు ఫోన్ చెయ్." దిగులు ముదిరినప్పుడు విషయమంతా వివరించి రాసే ఓపిక ఉండదు కనుక, ముందే కుదుర్చుకున్న ఇలాంటి గుర్తు ఖరీదైన యాప్‌ల కంటే బాగా పనిచేసే అవకాశం ఉంది.

14416 అనే నంబరు

అత్యవసర సాయానికి ఒక చిన్న నంబరుకు ఫోను చేయడం తెలుగువారికి 2005లో హైదరాబాదు నుంచి 108 సేవ మొదలైనప్పటి నుంచీ అలవాటైన పనే. మనసు బాగోలేనప్పుడు చేయవలసిన నంబరు మాత్రం ఇంకా అంతగా నోటికి రాలేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలీ మానస్ అనే జాతీయ సేవను ప్రారంభించింది. నంబరు 14416; 1800 891 4416 కూడా అదే సేవకు వెళ్తుంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఈ సేవకు స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ అక్కరలేదు; బటన్ల ఫోను నుంచి కూడా ఉచితంగా మాట్లాడవచ్చు. ముందుగా భాషను ఎంచుకోమంటుంది, అందులో తెలుగు ఉంది. మొదటి అంచెలో శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమని అనిపిస్తే రెండో అంచెలోని మానసిక వైద్యుడికి కలుపుతారు, లేదా జిల్లాలో నేరుగా కలవగల వైద్యం వైపు దారి చూపుతారు. 2025 నాటికి దేశవ్యాప్తంగా ఈ సేవకు వచ్చిన కాల్స్ ఇరవై లక్షలు దాటాయి. 2024 అక్టోబరులో దీనికి ఒక మొబైల్ యాప్ కూడా వచ్చింది, కానీ వైరా లాంటి చోట ఫోను కాలే దీని అసలు బలం.

మొదటిసారి ఫోను చేసేవారిని ఆపేది ఎక్కువగా "ఏం మాట్లాడాలి?" అన్న సంకోచం. జబ్బు పేరు చెప్పవలసిన పని లేదు, నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉంటోందనో, ఏమీ తోచడం లేదనో, చదువుతుంటే ఊరికే ఏడుపొస్తోందనో ఉన్నదున్నట్టు చెబితే చాలు. మొదటి కాల్‌లో మాట్లాడినవారి ధోరణి నచ్చకపోతే సేవ మొత్తాన్నే కొట్టిపారేయకుండా మరో రోజు మళ్లీ చేయవచ్చు, వేరొకరు మాట్లాడే అవకాశం ఉంటుంది. ఫోను ఇంట్లో అందరిదీ అయితే కాల్ వివరాలు అందులో మిగులుతాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. అది ఇబ్బంది అనుకుంటే స్నేహితుడి ఫోను నుంచి మాట్లాడటంలో తప్పేమీ లేదు. ఈ నంబరును ఫోనులో దాచుకోవడంతో సరిపెట్టక పుస్తకం అట్ట వెనక కూడా రాసుకోవాలి; ఫోను ఉండనివ్వని హాస్టల్లో ఆ అట్ట ఒక్కటే దగ్గరుంటుంది.

యాప్‌ల కంటే మనిషి గొంతు మెరుగన్న మాటకు ఈ ప్రాంతంలో ఇంకో ఆధారం కూడా ఉంది. మానసిక ఆరోగ్యం కోసం పేరుపడ్డ యాప్‌లలో అధిక భాగం ఇంగ్లిషులో ఉంటాయి. కోయ, లంబాడీ మాటల మధ్య పెరిగిన పిల్లలకు తెలుగే బడిలో నేర్చుకున్న భాష; ఇంగ్లిషులో తమ దిగులును గుర్తుపట్టడమంటే మూడో భాషలో ఏడవడమే. వినే మనిషి అయితే తడబాటును ఓపికగా సర్దుకుంటాడు.

సమస్యను పట్టుకునే పరిమాణానికి తేవడం

దిగులు మరీ లోతు కాకముందు, సొంతంగా చేసుకోదగిన అభ్యాసాల్లో పరిశోధన బలం ఉన్నవి కొన్నే. వాటిలో ముఖ్యమైనది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మనసులో తోచే ఆలోచనలకూ, వాటి వెంట చేసే పనులకూ, కలిగే బాధకూ మధ్య ఉన్న లంకెను గుర్తించి, ఆలోచననో పనినో మార్చి బాధను తగ్గించే పద్ధతి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం దీన్ని స్పార్క్స్ అనే వీడియో ఆటగా మలచి, 187 మంది కౌమార వయస్కులపై పరీక్షించి, మామూలుగా అందే కౌన్సెలింగ్‌కు అది తీసిపోలేదని 2012లో ప్రకటించింది.

భారతీయ విద్యార్థికి మరింత దగ్గరైన పని గోవాకు చెందిన సంగాత్ సంస్థది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 251 మంది విద్యార్థులతో చేసిన, 2020లో ఫలితాలు వెలువడిన పరిశీలనలో ఆ సంస్థ సమస్యా పరిష్కార పద్ధతిని వాడింది, దాన్ని నేర్పినవారు వైద్యులు కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు వ్యక్తులు. ఇదే పద్ధతిని పాడ్ అడ్వెంచర్స్ అనే ఫోను ఆటగా కూడా ఆ సంస్థ తయారుచేసింది. ఇంగ్లిషులో ఆ పేరులోని మూడు అక్షరాలు మూడు మెట్లకు గుర్తులు: సమస్య ఏమిటో తేల్చుకోవడం, దాన్ని ఎదుర్కొనే దారులు వీలైనన్ని రాసుకోవడం, ఒకదాన్ని ఎంచుకుని చేసి చూడటం. ఆట దొరికినా దొరకకపోయినా, ఫోనులోని నోట్స్‌తోనో నోటుబుక్కుతోనో ఈ పని సాగుతుంది.

ఏన్కూరు వైపు ఊరి నుంచి ఖమ్మం హాస్టల్లో చేరిన ఎంపీసీ విద్యార్థి ఒకడిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. వారాంతపు పరీక్షల మార్కులు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడుతుంటాయి, అతని మార్కులు పడిపోతున్నాయి, శనివారం వస్తోందంటే అన్నం సయించడం లేదు. సమస్య ఏమిటని అడిగితే "నా జీవితం ఖరాబైంది" అంటాడు. ఆ మాట నిజంగానే అతని బాధే అయినా, దానికి చేయగల పని అంటూ ఏదీ ఉండదు. మొదటి మెట్టు మీద గడపవలసిన సమయం అందరూ అనుకునేదాని కంటే ఎక్కువ. జీవితం నుంచి చదువుకు, చదువు నుంచి ఫిజిక్సుకు, అక్కడి నుంచి ఆదివారం సాయంత్రం నాన్న ఫోనులో మార్కులు అడిగే పది నిమిషాలకు సమస్యను తగ్గించుకుంటూ వచ్చేసరికి, వారమంతా పట్టి పీడిస్తున్న భయం తలకాయ ఎక్కడుందో కనిపిస్తుంది.

రెండో మెట్టు మీద మంచి దారి, చెడ్డ దారి అన్న తీర్పు పెట్టుకోకుండా తోచినవన్నీ రాయాలి: ఫోను ఎత్తకపోవడం, అమ్మతో చెప్పించడం, ఫిజిక్సు సారును కలవడం, నాన్న అడగకముందే తానే చెప్పడం. ఫోను ఎత్తకపోవడం కూడా ఒక దారే, దాని తరువాతి ఆదివారం ఏమవుతుందో పక్కనే రాస్తే దాని సంగతి దానికే తేలిపోతుంది. మూడో మెట్టులో ఒకటి ఎంచుకోవాలి. చదువు అంతగా రాని తండ్రికి, ఎదురుగా మాట పెగలని కొడుకుకు మధ్య ఈ ప్రాంతంలో వాట్సాప్ వాయిస్ మెసేజ్ మంచి వారధి. శనివారం రాత్రే పంపితే వినడానికీ చల్లబడటానికీ ఆయనకు ఒక రాత్రి దొరుకుతుంది. "నాన్నా, ఈ వారం మార్కులు మళ్ల తగ్గినయ్. ఎందుకు తగ్గినయో రేపు చెప్తా, మధ్యలో ఆపకుండ విను" అన్న పది సెకన్ల మాట చాలు. ఆదివారం తరువాత, అనుకున్నట్టు జరిగిందా, జరగకపోతే రాసుకున్న వాటిలో తరువాతి దారి ఏదని చూసుకోవడంతో ఒక చుట్టు పూర్తవుతుంది. వాయిస్ మెసేజ్‌ను మానసిక ఆరోగ్య సాధనాల జాబితాలో ఎవరూ చేర్చరు గానీ, వైరా చుట్టుపక్కల ఇళ్లలో అంతకంటే అక్కరకొచ్చేది దొరకడం కష్టం.

యంత్రంతో మాటామంతీ

1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలీజా అనే కంప్యూటర్ ప్రోగ్రామును వెలువరించాడు. అవతలివారు టైపు చేసిన వాక్యాన్నే అటుతిప్పి ఇటుతిప్పి ప్రశ్నగా తిరిగి అడగడం తప్ప దానికి ఏమీ తెలియదు. అయినా దాని తయారీ అంతా చూసిన అతని కార్యదర్శే, దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని అతన్ని కోరింది. వినేవారుంటే చాలు, అది యంత్రమని తెలిసినా సరే, మనసు విప్పాలనిపించడం మనిషి స్వభావం. నేటి చాట్‌బాట్‌లకు ఉన్న ఆకర్షణ, ప్రమాదం రెండూ అక్కడి నుంచే పుట్టాయి.

ప్రయోజనం లేదని తీసిపారేయడానికి వీల్లేదు. అలిసన్ డార్సీ స్థాపించిన వోబాట్ అనే చాట్‌బాట్‌ను 2017లో 70 మంది కళాశాల వయసు యువతపై రెండు వారాలు పరీక్షించినప్పుడు, చదవడానికి ఒక పుస్తకం మాత్రమే ఇచ్చినవారి కంటే వోబాట్ వాడినవారిలో దిగులు లక్షణాలు తగ్గాయి. బెంగళూరులో పుట్టిన వైసా కూడా ఇదే కోవలోది. కానీ రెండు వారాల ఫలితాన్ని రెండేళ్ల ఫలితంగా చదువుకోకూడదు, పైగా వోబాట్ యాప్ 2025 జూన్ నెలాఖరుకు మూతపడింది. రోజూ దానితోనే మనసు విప్పుకున్నవారికి మరుసటి రోజు నుంచి అది లేదు. అమెరికాలో తిండికి సంబంధించిన మానసిక రుగ్మతల బాధితుల కోసం పెట్టిన టెస్సా అనే చాట్‌బాట్, బరువు తగ్గే చిట్కాలు చెబుతోందని ఫిర్యాదులు రావడంతో 2023లో దాన్ని ఆపేశారు. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో, చాట్‌జీపీటీతో మనసు విప్పుకుంటూ వచ్చిన పదహారేళ్ల కుర్రవాడి మరణంపై అతని తల్లిదండ్రులు దాని తయారీ సంస్థ మీద కోర్టుకు వెళ్లారు. మరుసటి నెలలోనే ఆ సంస్థ తల్లిదండ్రుల నియంత్రణ సదుపాయాలను తెచ్చింది.

పల్లెటూరి ఆర్‌ఎంపీ డాక్టరును తెలిసినవారికి చాట్‌బాట్ స్థానం ఎక్కడో చెప్పడం తేలిక. అర్ధరాత్రి తలుపు తట్టినా పలుకుతాడు, విసుక్కోడు, ఒంటినొప్పులకూ జలుబుకూ ఆయన ఇచ్చే మాత్ర సరిపోతుంది. అసలు జబ్బు వచ్చినప్పుడు ఖమ్మం పొమ్మని చెప్పడం తెలిసిన ఆర్‌ఎంపీ మంచివాడు, తానే సెలైను పెట్టి కూర్చోబెట్టేవాడు ప్రమాదకారి. చాట్‌బాట్‌నూ ఇదే పరీక్షకు పెట్టవచ్చు. పరీక్షల ముందు రోజు టైంటేబులు వేసుకోవడానికీ, స్నేహితుడికి క్షమాపణ ఎలా రాయాలో అడగడానికీ, ఊపిరి నెమ్మదించే అభ్యాసం నేర్చుకోవడానికీ అది పనికొస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచన, ఇంట్లో కొట్టడం, లైంగిక వేధింపు, ఎవరికీ వినిపించని మాటలు చెవిలో వినిపించడం వంటివి దానితో తేల్చుకునే విషయాలు కావు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే అలవాటు ఉన్న పిల్లల మాటల్లో ఏది విసుగుతో అన్న మామూలు మాటో, ఏది నిజమైన ఆపద సూచనో పోల్చుకోవడంలో యంత్రం పొరపడే అవకాశం ఎక్కువ. అది ఎప్పుడూ ఒప్పుకుంటూనే పోతుంటే, ఒక్కసారైనా "ఇది ఫలానావారితో చెప్పావా?" అని అడగకపోతే, దాన్ని పక్కన పెట్టేయడానికి అంతకన్న కారణం అక్కరలేదు.

ఆపద సూచన కనిపించినప్పుడు స్నేహితులు చేయవలసినది కూడా ఇక్కడే చెప్పాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకునే వీలు దొరుకుతుంది. అలాంటి స్థితిలో ఉన్నవారిని ఒంటరిగా వదలకుండా ఒకరు పక్కన ఉంటూ, మరొకరు పెద్దవారికి కబురు చేసి, 14416కు గానీ, ప్రాణాపాయం ఉంటే 108కి గానీ ఫోను చేయాలి. పత్తి, మిర్చి వేసే ఇళ్లలో పురుగుమందులను తాళం వేసిన పెట్టెలో, వీలైతే పొలం దగ్గరే ఉంచడం తప్పక పాటించదగిన జాగ్రత్త. ఆ తాళం చెవి ఇంటి పెద్ద దగ్గరే ఉండాలి.

చెప్పుకున్న మాట ఎక్కడికి పోతుంది

దిగులును కూడా సరుకుగా అమ్ముకోగల కాలం ఇది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఇచ్చే బెటర్‌హెల్ప్ సంస్థ, వాడుకరుల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందన్న అభియోగంపై, 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 78 లక్షల డాలర్ల చెల్లింపుకు ఒప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, పిల్లల ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. చట్టం ఏం చెప్పినా, మనసు సంగతులు అడిగే యాప్ కాంటాక్టుల జాబితానూ, ఫొటోలనూ, ఉన్న చోటునూ చూడనివ్వమని కోరితే దానికి ఆ అవసరం ఏమిటని అనుమానించడం మంచిది. అందరూ వాడే ఫోనులోనైతే డైరీ రాతలకు ఇంట్లోవారి నుంచే రక్షణ కావాలి. అప్పుడు కాగితమే నయం.

అదే ఫోనులో రీల్స్ కూడా ఉంటాయన్నది ఇంకో చిక్కు. ఊపిరి అభ్యాసం కోసమని రాత్రి పదకొండుకు తెరిచిన ఫోను ఒంటిగంటకు గానీ మూతపడదు, నిద్ర తగ్గిన మనసు మర్నాడు మరింత సులభంగా కుంగుతుంది. నిమ్హాన్స్ 2014లోనే సాంకేతిక వ్యసనాల కోసం ప్రత్యేక క్లినిక్కు తెరిచిందంటే ఈ సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. పదహారేళ్ల లోపువారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తున్న చట్టం ఎంతవరకు నిలుస్తుందో చూడవలసిందే గానీ, ఇంట్లో అమలు చేయడానికి పార్లమెంటు అక్కరలేదు: రాత్రి ఫోను చార్జింగు పెట్టే చోటు పడుకునే గదికి బయట ఉంటే సగం పని అవుతుంది. పెద్దవారి ఫోన్లు కూడా అక్కడే ఉండకపోతే మాత్రం పిల్లలు ఆ నియమాన్ని వారం తిరక్కుండానే తోసేస్తారు.

విద్యాసంస్థల బాధ్యతను ఇప్పుడు అడిగి తీసుకోవచ్చు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఒకరైనా ఉండాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, ఏడాదికి రెండుసార్లయినా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, టెలీ మానస్ వంటి హెల్ప్‌లైన్ల నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో కనబడేలా రాయాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయడం మానాలని అందులో ఉంది. వైరాలోనో ఖమ్మంలోనో పిల్లవాణ్ని చేర్చేటప్పుడు ఫీజు, ర్యాంకుల సంగతి అడిగే తల్లిదండ్రులు కౌన్సెలరు ఎవరని, నంబరు ఏ గోడ మీద ఉందని కూడా అడిగితే యాజమాన్యాలు త్వరగా మేల్కొంటాయి.

రెండు వారాలు దాటితే

దిగులు, ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, ఆకలి మారడం వంటివి రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే సొంత ప్రయత్నాలను చాలించి వైద్యుణ్ని కలవాలి. పీహెచ్‌క్యూ 9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఇందుకు సాయపడుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు వేసుకుంటే మొత్తం 27కు గాను పది, అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడికి చూపించుకోవలసిన స్థాయి అని సాధారణంగా భావిస్తారు. ఆ పట్టిక రోగనిర్ధారణ చేయదు, సూచన మాత్రమే ఇస్తుంది. చావు గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరేది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, అదే రోజు మనిషితో మాట్లాడాలి.

ఖమ్మం ఆసుపత్రికి వెళ్లే రోజున రెండు వారాల నిద్ర వేళలు, తిండి, కాలేజీకి వెళ్లని రోజులు ఒక కాగితం మీదో ఫోనులోనో రాసుకుని వెళ్తే, రద్దీగా ఉండే ఓపీలో దొరికే కొద్ది నిమిషాలూ వృథా కావు. వాడుతున్న మందుల పేర్లు, ఆర్‌ఎంపీ ఇచ్చినవైనా సరే, ఫొటో తీసుకుని చూపాలి. తోడు వచ్చిన తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమని చెప్పి విడిగా మాట్లాడతానని వైద్యుణ్ని అడగవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి విషయాలను గోప్యంగా ఉంచాలంటుంది, మైనర్ల చికిత్స నిర్ణయాల్లో మాత్రం సంరక్షకుల పాత్ర ఉంటుంది. దిగులుకు వైద్యుడు రాసే మందులు ఫలితం చూపడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆ లోపు ఏమీ మారలేదని ఆపేయడం, కాస్త నెమ్మదించగానే తగ్గిపోయిందని ఆపేయడం రెండూ తరచుగా జరిగే పొరపాట్లే. మాత్ర వేసుకునే వేళకు ఒకటి, తిరిగి రమ్మన్న తేదీకి ముందు రోజున ఒకటి ఫోనులో అలారం పెట్టుకుని, అదే తేదీని ముందుగా ఎంచుకున్న ఆ అక్కకో మేనత్తకో కూడా పంపి ఉంచితే, అలారం మోగినా లేవబుద్ధి కాని రోజున వాళ్లు ఫోను చేస్తారు.